స్టార్టప్ ఎదగడానికి ముందు: ఏవి సరిచేసుకోవాలి, ఏవి వదిలేయవచ్చు

హైదరాబాద్‌లో కంపెనీ మొదలుపెట్టడం పదేళ్ల కిందటితో పోలిస్తే ఇప్పుడు ఎంతో సులువు. 2015 నవంబర్‌లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో, స్టార్టప్‌లకు తోడ్పడే టీ-హబ్ మొదలైంది. 2018లో మహిళా వ్యవస్థాపకుల కోసం వీ-హబ్ వచ్చింది. 2022 జూన్‌లో టీ-హబ్ రాయదుర్గంలోని కొత్త భవనానికి మారింది. 2023 మార్చిలో దానికి దగ్గర్లోనే, వస్తువుల నమూనాలు తయారుచేసుకునే వీలు కల్పిస్తూ టీ-వర్క్స్ ప్రారంభమైంది. సలహా చెప్పేవారు, పెట్టుబడి పెట్టేవారు, కూర్చుని పనిచేసుకునే చోటు అన్నీ మెట్రో ఎక్కితే అందే దూరంలో ఉన్నాయి. అయితే ఈ వాతావరణంలో ఒక ఒత్తిడి కూడా ఉంది. కంపెనీ పెట్టి ఆరు నెలలు తిరగకముందే "నెలకు ఎంత శాతం పెరుగుతున్నారు?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. దానికి మంచి జవాబు చెప్పాలన్న ఆరాటంలో, పెరగడానికి ముందు తేల్చుకోవలసిన విషయాలు వెనక్కి పోతున్నాయి.

పెరుగుదల ఉన్నదాన్ని ఎక్కువ చేస్తుందే తప్ప లేనిదాన్ని తెచ్చిపెట్టదు. ఒక్కో అమ్మకంలో మిగులు ఉంటే ఆ మిగులు పెరుగుతుంది, నష్టం ఉంటే నష్టమూ అంతే పెరుగుతుంది. ఇది అందరూ ఒప్పుకునే మాటే. చిక్కంతా పునాది పనులంటే ఏమిటో తేల్చుకోవడంలో ఉంది. అన్నీ సిద్ధమయ్యాకే ముందుకు కదలాలనుకునేవారు ఎప్పటికీ కదలరు, దేన్నీ చూసుకోకుండా కదిలినవారు సగం దారిలో ఆగిపోతారు. నా దృష్టిలో దీనికి ఒకే కొలత ఉంది. ఈ పని ఇవాళ చేస్తే ఎంత ఖర్చవుతుంది, వ్యాపారం పదింతలయ్యాక చేస్తే ఎంత ఖర్చవుతుంది? రెండింటి మధ్య తేడా చాలా ఎక్కువగా ఉన్న పనులే పునాది పనులు. తేడా లేనివాటిని నిశ్చింతగా వాయిదా వేసుకోవచ్చు.

ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల ఏం జరిగిందో తెలుసుకోవడానికి అమెరికాలోని వెబ్‌వాన్ చరిత్రను మించిన ఉదాహరణ లేదు. ఇంటికి కిరాణా సరుకులు చేర్చే ఈ కంపెనీ 1999 వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో అమ్మకాలు మొదలుపెట్టింది. ఓక్లాండ్‌లోని మొదటి గిడ్డంగిలో లెక్క కుదురుతుందో లేదో తేలకముందే, అలాంటివే మరో 26 గిడ్డంగులు కట్టడానికి బెక్టెల్ సంస్థతో సుమారు 100 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2001 జులైలో దివాలా ప్రకటించింది. ఆన్‌లైన్‌లో కూరగాయలు కొనాలన్న కోరిక జనంలో లేక కాదు, ఒక్కో ఆర్డరుకు అయ్యే ఖర్చు తేలకముందే దాన్ని దేశమంతటా పరిచినందువల్ల ఆ కంపెనీ మూతపడింది. 2011లో స్టార్టప్ జీనోమ్ బృందం 3,200కు పైగా ఇంటర్నెట్ కంపెనీల సమాచారాన్ని పరిశీలించి, వేగంగా ఎదగాలని చూసిన వాటి వైఫల్యాల్లో 74 శాతానికి అకాల విస్తరణే కారణమని తేల్చింది.

ఒక్క ప్యాకెట్ లెక్క

విషయం దగ్గరగా కనిపించడానికి ఒక ఊహాజనిత కంపెనీని తీసుకుందాం. నిజాంపేట, ప్రగతినగర్ ప్రాంతాల్లో ఉదయం ఆరు నుంచి ఎనిమిది గంటల లోపు ఇడ్లీ, దోసె పిండిని ఇంటింటికీ చేర్చే స్టార్టప్ అది. కిలో ప్యాకెట్ మీద పన్ను పోను 85 రూపాయలు వస్తాయనుకుందాం. బియ్యం, మినప్పప్పు, కరెంటు, రుబ్బే మనిషి కూలి కలిపి 42 రూపాయలు. కవరు, లేబుల్ 5. డెలివరీ 22. ఆన్‌లైన్ చెల్లింపు రుసుము 2. పాడై వెనక్కి వచ్చే ప్యాకెట్ల భారాన్ని మిగిలినవాటిపై పంచితే 6. అన్నీ కలిపితే 77, కంపెనీకి మిగిలేది 8 రూపాయలు. అద్దె, జీతాలు, ప్రకటనల ఖర్చు అన్నీ ఈ ఎనిమిది రూపాయల్లోంచే రావాలి.

ఇప్పుడు పెరుగుదల కోసం ప్రతి ప్యాకెట్ మీద 20 రూపాయల కూపన్ ఇస్తే ఆ మిగులు 12 రూపాయల నష్టంగా మారుతుంది. రోజుకు 100 ప్యాకెట్లు అమ్మితే 1,200 రూపాయలు, 1,000 అమ్మితే 12,000 రూపాయలు పోతాయి. నెల తిరిగేసరికి అది 3.6 లక్షలు. గ్రాఫ్‌లో అమ్మకాల గీత నిటారుగా పైకి పోతూ ఉంటుంది, పెట్టుబడిదారుకు చూపించేదీ ఆ గీతనే.

అమ్మకాలు పెరిగితే ఖర్చులు వాటంతట అవే తగ్గుతాయి కదా అన్న వాదన ఇక్కడ తప్పకుండా వస్తుంది. కొన్ని తగ్గుతాయి, కొన్ని తగ్గవు, కొన్ని పెరుగుతాయి. బేగంబజార్‌లో మినప్పప్పు బస్తాల లెక్కన కొంటే ప్యాకెట్‌కు రెండు మూడు రూపాయలు కలిసి రావచ్చు. చెల్లింపు రుసుము దాదాపు అంతే ఉంటుంది. సిబ్బంది పదిమందికి చేరితే ఉద్యోగుల బీమా పథకమైన ఈఎస్‌ఐ వర్తిస్తుంది, ఇరవైమందికి చేరితే ప్రావిడెంట్ ఫండ్ తోడవుతుంది. యజమాని వాటా మొదటిదానిలో జీతంలో 3.25 శాతం, రెండోదానిలో సాధారణంగా మూల వేతనంలో 12 శాతం. ఇది ఉద్యోగులకు న్యాయంగా దక్కవలసిన డబ్బు, దాన్ని తప్పించుకునే ఆలోచన చేయకూడదు. అందుకే తొమ్మిదిమంది ఉన్నప్పుడే ఈ ఖర్చును లెక్కలో కలుపుకుని చూసుకోవాలి. ఎనిమిది రూపాయల మిగులులో అది ఇమడదని అప్పుడే తెలిసిపోతుంది. "స్కేల్ వస్తే సర్దుకుంటుంది" అని మొత్తంగా అనుకోకుండా, ఏ ఖర్చు ఎంత తగ్గుతుందో, ఎందుకు తగ్గుతుందో ఒక్కో వరుసకూ విడిగా రాసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ తేడా తేగలిగేది డెలివరీ. పిండి చేర్చే అబ్బాయికి జీతం, పెట్రోలు కలిపి గంటకు 110 రూపాయలు అవుతుందనుకుందాం. గంటలో ఐదు ఇళ్లకు చేరిస్తే ఒక్కో ఇంటికి 22 రూపాయలు పడుతుంది. అతను ఒకే గేటెడ్ కమ్యూనిటీలోకి వెళ్లి, సెక్యూరిటీ దగ్గర ఒక్కసారి ఎంట్రీ చేయించుకుని, లిఫ్ట్‌లో పై అంతస్తు నుంచి కిందికి దిగుతూ గంటలో పదకొండు ఇళ్లకు చేర్చగలిగితే ఆ ఖర్చు 10 రూపాయలకు పడిపోతుంది. ప్యాకెట్ మీద మిగులు 8 నుంచి 20కి చేరుతుంది. అదే కంపెనీ "నగరమంతటా ఉన్నాం" అని చెప్పుకోవడానికి ఉప్పల్‌లోనూ ఎల్బీనగర్‌లోనూ అడుగుపెట్టి, అక్కడ గంటకు మూడు ఇళ్లకే చేర్చగలిగితే, ఒక్కో ఇంటికి దాదాపు 37 రూపాయలవుతుంది, ప్యాకెట్‌కు 7 రూపాయల నష్టం వస్తుంది. రెండూ పెరుగుదలే. ఒకటి ఉన్నచోట చిక్కబడటం, మరొకటి పలుచగా పరుచుకోవడం. ఔటర్ రింగ్ రోడ్డు దాటి విస్తరిస్తున్న ఈ నగరంలో రెండోదాని ఆకర్షణ ఎక్కువ. పటంలో రంగు నిండుతున్న కొద్దీ విజయం సాధిస్తున్నట్టే అనిపిస్తుంది. కానీ ఇంటికి సరుకో సేవో చేర్చే వ్యాపారాల్లో మొదట చూడవలసింది ఒకే పేటలో ఎంత దట్టంగా ఉన్నామన్నదే.

వచ్చినవారు ఉంటున్నారా

కొత్తగా చేరిన ఖాతాదారుల సంఖ్య కంటే, చేరినవారిలో ఎందరు మిగిలారన్నది ముఖ్యం. ఒకే నెలలో చేరినవారిని ఒక జట్టుగా తీసుకుని, తర్వాతి నెలల్లో వారిలో ఎందరు కొంటున్నారో చూడటాన్ని కోహార్ట్ విశ్లేషణ అంటారు. మన పిండి కంపెనీలో జనవరిలో 100 మంది చేరారనుకుందాం. ప్రకటనకు, ఉచితంగా ఇచ్చిన మొదటి ప్యాకెట్‌కు కలిపి ఒక్కొక్కరికి 300 చొప్పున 30,000 రూపాయలు ఖర్చయింది. నెలకు సగటున ఆరు ప్యాకెట్లు కొంటే, ప్యాకెట్‌కు 20 రూపాయల మిగులు చొప్పున ఒక్కొక్కరి మీద నెలకు 120 రూపాయలు వస్తాయి. 300ను 120తో భాగించి, రెండున్నర నెలల్లో ఖర్చు తిరిగి వస్తుందని చాలామంది ప్రెజెంటేషన్‌లో రాసేస్తారు.

ఆ లెక్క వందమందీ చివరిదాకా ఉంటారన్న ఊహ మీద నిలబడింది. నిజానికి రెండో నెలలో 40 మంది, మూడో నెలలో 28, ఆ తర్వాత నెలకు 25 మంది మాత్రమే కొంటున్నారనుకుందాం. ఆరు నెలలకు కలిపి వచ్చేది 29,160 రూపాయలు. పెట్టిన 30,000 ఇంకా చేతికి రాలేదు, ఏడో నెలలో గానీ రాదు. ఉచిత ప్యాకెట్ కోసం చేరినవారిని పట్టుకోవడంపై కాకుండా నిలబెట్టుకోవడంపై శ్రద్ధ పెట్టి, రెండో నెలలో 60 మంది, మూడో నెలలో 48, నాలుగో నెలలో 45 మంది ఉండేలా చేయగలిగితే అదే డబ్బు నాలుగో నెలకల్లా తిరిగి వస్తుంది. ప్రకటన మారలేదు, ధర మారలేదు. ఇక్కడ సంఖ్యల కంటే గీత ఆకారాన్ని చూడాలి. 25 దగ్గరైనా సరే, ఎక్కడో ఒకచోట అది నిలకడగా ఆగితే వ్యాపారానికి ఆధారం ఉన్నట్టే. ప్రతి నెలా జారుతూ సున్నా వైపు పోతుంటే, కొత్తవారి కోసం పెట్టే ప్రతి రూపాయీ చిల్లు కుండలో పోసిన నీరే.

ఆగిపోయినవారితో ఫోన్‌లో మాట్లాడటం వ్యవస్థాపకులే స్వయంగా చేయవలసిన పని. వందమంది ఉన్నప్పుడు అది రెండు సాయంత్రాల పని, పదివేలమంది అయ్యాక ఆ గొంతులు నివేదికల్లో శాతాలుగా మాత్రమే చేరతాయి. పిండి పుల్లగా ఉందా, ఏడు గంటలకు రావలసింది ఎనిమిదింటికి వచ్చిందా, లేక ఇంట్లో గ్రైండర్ కొనుక్కున్నారా? ఈ మూడు కారణాలకు చేయవలసిన పనులు వేర్వేరు, మూడోదానికి చేయగలిగింది ఏమీ లేదు.

పని ఎవరి చేతిలో ఉంది

పిండి మే నెలలో కొన్ని గంటల్లోనే పులిసి పొంగుతుంది, డిసెంబర్ చలిలో రాత్రంతా ఉంచినా సరిగా పొంగదు. మన కంపెనీ వ్యవస్థాపకురాలికి ఇది చేతి అనుభవంతో తెలుసు. వేలితో కాస్త పిండి తీసి చూసి, "ఈ వాయికి చల్లటి నీళ్లు పోయండి" అనో "ఇంకో గంట ఆగి ప్యాక్ చేయండి" అనో చెబుతారు. ఒక గ్రైండరు, ఒక షిఫ్టు ఉన్నంతకాలం అంతా సవ్యంగా సాగుతుంది. రెండో షిఫ్టు పెట్టిన వారానికే బంతుల్లా ఉబ్బిన ప్యాకెట్లు వెనక్కి రావడం మొదలవుతుంది. పనివాళ్ల తప్పేమీ లేదు, ఆ విద్య ఎక్కడా రాసి లేదు. నీళ్ల ఉష్ణోగ్రత, రుబ్బిన సమయం, ప్యాక్ చేసిన సమయం, ఫ్రిజ్‌లోకి వెళ్లిన సమయం అనే నాలుగు గడులతో ఒక నోటుపుస్తకం పెట్టి ఒక వేసవి, ఒక శీతాకాలం నింపితే ఆమె చేతిలో ఉన్నది కంపెనీ చేతికి వస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనూ ఇదే పరిస్థితి వేరే రూపంలో ఉంటుంది. కొత్త వెర్షన్ సర్వర్‌లోకి ఎక్కించడం ఒక్క ఇంజనీరుకే తెలుస్తుంది, ఖాతాదారుల ఫిర్యాదులన్నీ వ్యవస్థాపకుడి వాట్సాప్‌లోనే ఉంటాయి. సంక్రాంతికి ఆయన, సగం సిబ్బంది ఊళ్లకు వెళ్లిన వారంలో పని ఎలా నడిచిందో చూస్తే, ఏది రాసి ఉంది, ఏది మనిషి తలలోనే ఉంది అన్నది స్పష్టమవుతుంది.

రెడ్‌బస్ తొలి రోజులు ఈ విషయంలో గమనించదగ్గవి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఫణీంద్ర సామకు 2005 దీపావళికి సొంత ఊరు రావడానికి బస్సు టికెట్ దొరకలేదు, ఆ అనుభవమే 2006లో కంపెనీగా మారింది. బయటికి అది టికెట్లు అమ్మే వెబ్‌సైటే. కానీ అసలు చిక్కు అమ్మకంలో లేదు. సీట్ల లెక్క ఆపరేటర్ దగ్గర కాగితం మీద ఉండేది, ఏజెంట్లు ఫోన్ చేసి అడిగి సీటు రాయించుకునేవారు. ఏ సీటు ఖాళీగా ఉందో అప్పటికప్పుడు తెలిసే మార్గం లేనప్పుడు, ఎక్కువమందికి అమ్మడమంటే ఎక్కువమందితో తగువు పెట్టుకోవడమే. ఆపరేటర్లు తమ సీట్లను నిర్వహించుకునే బాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను కూడా ఆ కంపెనీయే తయారుచేసి ఇవ్వడం వెనుక కారణం అది. ప్రయాణికుడికి కనిపించని ఆ పని జరిగింది కాబట్టే కనిపించే వ్యాపారం నిలబడింది. 2013లో ఐబిబో గ్రూప్ రెడ్‌బస్‌ను కొనుగోలు చేసింది.

లాభం ఉన్నా చేతిలో డబ్బు లేకపోవడం

పెరుగుదల వల్ల లాభాల్లో ఉన్న కంపెనీ కూడా ఇరుకున పడగలదన్నది చాలామందికి ఆలస్యంగా అర్థమవుతుంది. మన కంపెనీ మాదాపూర్, అమీర్‌పేట హాస్టళ్లకు, ఆఫీసు క్యాంటీన్లకు నెలకు 10 లక్షల సరుకు అరువు మీద ఇస్తోందనుకుందాం. డబ్బు 45 రోజులకు వస్తే, ఎప్పుడు చూసినా 15 లక్షలు బయటే ఉంటాయి. పప్పు, బియ్యం ఇచ్చే వ్యాపారికి మాత్రం వారం రోజుల్లో చెల్లించాలి. అమ్మకాలు 20 లక్షలకు పెరిగితే బయట ఉండేది 30 లక్షలవుతుంది. నెలకు రెండు లక్షల లాభం వస్తున్నా, అదనపు 15 లక్షలు ముందుగా ఎక్కడి నుంచో తేవాలి. అప్పటికప్పుడు వ్యక్తిగత రుణాలు, క్రెడిట్ కార్డులు బయటికి వచ్చేది ఇలాంటి సమయంలోనే.

ఇక్కడ చట్టం కొంత అండగా ఉంది. చిన్న సంస్థల నమోదు కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న తరహా ఉత్పత్తిదారులకూ సేవాసంస్థలకూ, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులకు మించకుండా చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల (ఎంఎస్‌ఎంఈ) అభివృద్ధి చట్టం చెబుతోంది. గడువు దాటాక ఇచ్చిన సొమ్మును, కొన్న కంపెనీ తాను చెల్లించిన ఏడాదిలో తప్ప పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపుకునే వీల్లేదన్న ఆదాయపన్ను నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి పెద్ద ఆర్డరుకు ముందే ఉద్యమ్ నమోదు చేసుకుని, ఆ సంఖ్యను ప్రతి బిల్లు మీదా ముద్రించడం పైసా ఖర్చులేని పని. బకాయి పేరుకుపోయాక చట్టం పేరెత్తితే ఆ ఖాతాదారుతో సంబంధం చెడుతుంది, మొదటి ఒప్పందంలోనే గడువు రాసుకుంటే అది మామూలు షరతుగా చెల్లుబాటవుతుంది.

కాగితాలు

వాయిదా వేస్తే అన్నిటికంటే ఖరీదయ్యేవి ఒప్పంద పత్రాలు. మొదటి యాప్‌ను ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్‌తో రాయించుకోవడం సర్వసాధారణం. డబ్బు ఇచ్చాం కాబట్టి కోడ్ మనదేనని అనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే హక్కుదారు. బయటి వ్యక్తి స్వతంత్రంగా రాసిస్తే హక్కు సాధారణంగా అతనిదే, లిఖితపూర్వకంగా బదిలీ చేస్తేనే కంపెనీకి వస్తుంది. ఆ బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లకు, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమే వర్తిస్తుందని 19వ సెక్షన్ చెబుతోంది. ఇవాళ రెండు పేజీల కాగితంతో అయిపోయే ఈ పని, పెట్టుబడిదారుల న్యాయవాదులు పత్రాలు తిరగేసే రోజున, ఆ ప్రోగ్రామర్ ఏ దేశంలో ఉన్నాడో వెతుక్కుంటూ చేయవలసి వస్తుంది. అప్పుడు అతను ఏ ధర అడిగినా కాదనే వీలుండదు.

వ్యవస్థాపకుల వాటాలూ ఇలాంటివే. ఇద్దరు స్నేహితులు చెరి సగం రాసుకుంటారు, ఎనిమిది నెలలకు ఒకరు మంచి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతారు, సగం కంపెనీ మాత్రం ఆయన పేరు మీదే ఉండిపోతుంది. నాలుగేళ్లలో విడతలవారీగా వాటా స్థిరపడేలా, మొదటి ఏడాది పూర్తికాకుండా వెళ్లినవారి షేర్లు తిరిగి వచ్చేలా వెస్టింగ్ షరతు పెట్టుకోవడం ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతి. ప్రైవేటు కంపెనీలో షేర్ల బదిలీపై పెట్టుకునే ఆంక్షలు కంపెనీ నియమావళి అయిన ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్‌లో లేకపోతే కంపెనీని కట్టిపడేయవని రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, విడి ఒప్పందంతో సరిపెట్టకుండా ఆర్టికల్స్‌లోనూ చేర్చుకోవాలి. ఈ మాట ఎత్తితే స్నేహం చెడుతుందని వెనుకాడతారు గానీ, ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేని రోజున మాట్లాడుకోవడమే అన్నిటికంటే తేలిక.

ఏవి ఆగవచ్చు

హైటెక్ సిటీలో అద్దాలతో తళతళలాడే ఆఫీసు ఆగవచ్చు. వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకోగలిగినంతకాలం సొంత యాప్ ఆగవచ్చు. పది లక్షలమందిని తట్టుకునే సర్వర్ల నిర్మాణం వందమంది ఉన్నప్పుడు అక్కర్లేదు. కానీ ఖాతాదారుల వివరాలను ఏ రూపంలో దాచుకుంటున్నామన్నది ఆగే విషయం కాదు, తర్వాత మార్చడం కష్టం. పైగా 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చాక ఇళ్ల చిరునామాలు, ఫోన్ నంబర్లు డెలివరీ అబ్బాయిల గ్రూపుల్లో తిరగడం ప్రమాదకరం కూడా.

ప్రతి రంగానికీ ఒకే తూకం పనికిరాదు. 2018లో హైదరాబాద్‌లో మొదలైన రాకెట్ల కంపెనీ స్కైరూట్, ఇంజన్లను నేలమీద పరీక్షించుకుంటూ వచ్చి, 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్‌ను ప్రయోగించింది. రాకెట్ల తయారీలో పునాదికి ఏళ్లు పట్టడం సహజం. కొనేవారు, అమ్మేవారు ఒకరి కోసం ఒకరు వచ్చే వేదికల్లో మాత్రం ఆలస్యం చేస్తే చోటు వేరేవారికి పోతుంది, అక్కడ కొంతకాలం నష్టాన్ని భరిస్తూ పరుగెత్తడం తప్పు కాదు. అలాంటప్పుడు కూడా ఏ ఖర్చు వల్ల నష్టం వస్తోంది, అది ఏ స్థాయికి చేరితే తగ్గుతుంది, వచ్చినవారు నిలుస్తున్నారా అన్న మూడూ తెలిసి ఉండాలి. తెలిసి భరించే నష్టానికి ఒక హద్దు ఉంటుంది.

మన పిండి కంపెనీ కొత్త పేటలకు వెళ్లవచ్చునా అన్నది తేలాలంటే, ముందుగా మియాపూర్ ఒక్కదాన్ని వ్యవస్థాపకురాలు కాకుండా ఒక మేనేజరు నడిపి చూడాలి. మూడు నెలల్లో గంటకు ఎన్ని ఇళ్లకు చేర్చాలి, రెండో నెలలో వందకు ఎందరు మిగలాలి, వెనక్కి వచ్చే ప్యాకెట్లు ఎంతకు మించకూడదు, ఇవి అందకపోతే ఎంత డబ్బు దగ్గర ఆపేయాలి అన్నవన్నీ దుకాణం తెరవకముందే ఒక కాగితం మీద రాసి, భాగస్వాములతో పాటు పెట్టుబడిదారుకూ ఒక ప్రతి ఇవ్వాలి. తెరిచాక రాసుకున్న లక్ష్యాలు వచ్చిన ఫలితాలకు తగ్గట్టు వంగిపోతాయి.